నాలుగు బ్లాకులు

శనివారం పొద్దున రెండో కాఫీ తాగుతూ అచ్యుతరామారావు గారు ఆ రోజు చెయ్యవలసిన పనులు ప్రకటించారు. ప్రకటించడం ఆయనకి వృత్తి వల్ల వచ్చిన అలవాటు. ఉద్యోగమంతా జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పిన మనిషి. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా ముందు ఇచ్చినదేమిటో, నిరూపించవలసినదేమిటో వివరించి, ఆ తరువాతే ఉప్పు దగ్గరికి వచ్చేవారు.

"పెసరట్లు తినేలోగా కొలత పూర్తవ్వాలి. భోజనాల వేళకి గుడ్డ కత్తిరించెయ్యాలి. దీపాలు పెట్టేసరికి చొక్కా. తెల్లారితే చల్లపల్లి ప్రయాణం," అన్నారు.

"మీరు కదలకుండా నిలబడాలే గానీ అన్నీ అవుతాయి," అంది ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ, కుట్టు మిషను మీద దుమ్ము తుడుస్తూ.

మరునాడు చల్లపల్లిలో ఆయన మొదటి ఉద్యోగం నాటి విద్యార్థుల కలయిక. ముప్ఫై ఆరేళ్ళ కిందట ఇంటర్ చదివి తలోదిక్కుకీ పోయిన బ్యాచి అంతా ఒకచోట చేరి, తమ లెక్కల మాస్టారికి సన్మానం తలపెట్టారు. ఆ పిలుపు అందిన రోజునుంచీ ఆయనకి ఒకటే బెంగ. వేసుకోవడానికి చొక్కా లేదు.

చొక్కాలు లేక కాదు. బీరువా నిండా ఉన్నాయి. వన్ టౌన్‌లో ఆయనకి ఏళ్ళ తరబడి చొక్కాలు కుట్టిన బాలశౌరి చూపు మందగించి కొట్టు మూసేశాక కొన్న రెడీమేడ్లు అవన్నీ. వాటిలో పొట్టకి సరిపోయినవి భుజాల మీంచి జారిపోయేవి. భుజాలకి సరిపోయినవి పొట్ట దగ్గర గుండీకీ గుండీకీ మధ్య కిటికీలు తెరిచేవి. ఆ అవతారంతో వేదిక ఎక్కితే పిల్లలు ఏమనుకుంటారని ఆయన బాధ. పిల్లలంటే, అందరికీ యాభై దాటాయి.

"నేను కుడతాలెండి," అంది ప్రసూనాంబ ఒక సాయంత్రం, కూరగాయలు తరుగుతూ తరుగుతూ.

అచ్యుతరామారావు గారు పేపరు దించి భార్య వైపు చూశారు. ఆమె మిషను ముందు కూర్చుని పాతికేళ్ళు దాటింది.

పెళ్ళయిన కొత్తలో వాళ్ళు చల్లపల్లిలో రెండు గదుల వాటాలో ఉండేవారు. పుట్టింటి నుంచి ఆమె వెంట తెచ్చుకున్నది చేత్తో తిప్పే ఆ మిషనే. కొత్త లెక్చరరు జీతానికి టైలరు కూలి దండగని ఆయన చొక్కాలన్నీ ఆమే కుట్టేది. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని కిటికీ వెలుగులో నిలబెట్టి, పాత దినపత్రికలు ఒంటికి ఆనించి, పెన్సిలుతో గీతలు గీసేది. గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని, మూసిన నోటితోనే "ఊఁ" అంటే తిరగమని, "ఊఁహూఁ" అంటే అటు కాదు ఇటని అర్థం. కత్తిరించిన కాగితాన్ని గోడ మేకుకి తగిలించేది. కాలువ మీంచి గాలి వీస్తే ఆయన ఆకారం ఆ గోడ మీద రెపరెపలాడుతూ ఉండేది. కాగితాల్లో మడతపడిన ఆ యువకుడు ఏ బదిలీలో, ఏ లారీ మీంచి జారిపోయాడో ఇద్దరికీ గుర్తులేదు. బదిలీల్లో అలాంటివి చాలా పోయాయి.

"కుడతావా?" అన్నారాయన.

"కుడతాను. గుడ్డ మాత్రం నేను చెప్పిందే తేవాలి."

ఆమె చెప్పినట్టే మంగళగిరి నుంచి తెల్లటి నూలుగుడ్డ వచ్చింది. ఇక కావలసింది కొలత. వన్ టౌన్‌లో కుట్టుపని సామాన్ల కొట్టులో అట్టతో కోసిన కటింగులు సైజుల వారీగా అమ్ముతారని ఎవరో చెబితే ఇద్దరూ ఆటో కట్టించుకుని వెళ్ళారు. కొట్టతను ఆయన్ని టేపుతో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. ఆ తరువాత టేపుని అనుమానంగా చూశాడు.

"భుజాలు చిన్న సైజండి. ఛాతీ మధ్య సైజు. పొట్ట బాగా పెద్ద సైజు. మూడట్టలూ తీసుకోండి, తలా కాస్త వాడుకోవచ్చు," అన్నాడు.

"ఒక మనిషికి మూడట్టలేమిటయ్యా?"

"సైజులు మూడున్నాయి కదండీ, మనిషితో మనకేం పని?"

అచ్యుతరామారావు గారు చరచరా కొట్టు మెట్లు దిగి వచ్చేశారు.

ఈ సంగతి విని ఫోన్లో పకపకా నవ్వింది అనఘ. ఆ పిల్ల ప్రసూనాంబ చెల్లెలి మనవరాలు, హైదరాబాదులో బట్టల డిజైనింగ్ చదువుతోంది. "అట్టలెందుకు అమ్మమ్మా? తాతయ్యకి సొంత బ్లాక్ తీసెయ్యి. పాత బనీను వేసి, పైన పార్సిళ్ళకేసే బ్రౌను టేపు చుట్టెయ్యి. గట్టిపడ్డాక మధ్యలో కోసి తీసేస్తే తాతయ్య ఆకారం అచ్చుగుద్దినట్టు వచ్చేస్తుంది. దాన్ని విడదీసి పరిస్తే ముందొకటి, వెనకొకటి, చేతులకి రెండు. నాలుగు బ్లాకులు. వాటిని పెట్టుకుని ఎన్ని చొక్కాలైనా కుట్టుకో."

బ్లాక్ అన్న మాట ప్రసూనాంబకి నచ్చింది. కాయితం కటింగు అనడం కంటే అందులో ఏదో శాస్త్రం ఉన్నట్టు తోచింది. అప్పటినుంచీ ఆమె ఇంకో మాట వాడలేదు. వాడి ఉంటే ఆ శనివారం ప్రశాంతంగా గడిచిపోయేది.

కాఫీ గ్లాసులు కడిగేసి, సత్యనారాయణపురంలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటు హాల్లో ఆయన్ని నిలబెట్టింది. ఫోనుని పూలకుండీకి ఆనించి అనఘకి వీడియో కాల్ కలిపింది. ఆయన చిరుగుల బనీనుతో, జెండా వందనానికి నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డారు.

"మామూలుగా నిలబడండి తాతయ్యా. ఊపిరి మామూలుగా పీల్చి వదలండి," అంది అనఘ.

ప్రసూనాంబ నడుం దగ్గర టేపు మొదలుపెడుతూ నవ్వింది. "చల్లపల్లిలో ఈయన నడుము నా రెండు చేతుల్లో ఇమిడిపోయేదంటే నమ్ముతావుటే?"

"నమ్మను," అంది అనఘ.

పిల్ల ఊరికే అన్న మాటే. కానీ అది అచ్యుతరామారావు గారికి సూదిలా గుచ్చుకుంది. ఆయన చప్పుడు చెయ్యకుండా పొట్ట లోపలికి పీల్చుకున్నారు. ఒక చుట్టు పడేదాకా అలా ఉండి, ఆ పైన మెల్లగా వదిలేద్దామనుకున్నారు. ప్రసూనాంబ చెయ్యి ఇంకా చురుకైనదే. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు, దాని మీద ఐమూలగా మరొకటి పడిపోయాయి. ఆయన వదిలేద్దామని చూసేసరికి వదలడానికి లోపల చోటు లేదు.

"అరే, తాతయ్య బాగానే ఉన్నారే! నేనే పొరపాటుపడ్డా," అంది అనఘ. ఆ మెచ్చుకోలు విన్నాక ఇక చెప్పేందుకు నోరు రాలేదు. పిల్ల క్లాసుకి వేళైందని ఫోను పెట్టేసింది.

ప్రసూనాంబ భుజాలు దాటి, మోచేతులు దాటి, ముంజేతుల దాకా చుట్టింది. పని పూర్తయ్యేసరికి ఆయన రెండు చేతులూ పక్కలకి చాచి, మెరిసే గోధుమరంగు తొడుగులో పొలంలో దిష్టిబొమ్మలా బిగుసుకుపోయారు. మోచేతులు వంగవు. మెడ కింద ఏదీ కదలదు. ఆమె వంటింటి కత్తెర తెచ్చి కొయ్యబోతే దాని రెండు రెక్కలూ టేపు జిగురుకి అంటుకుపోయి నోరు తెరవలేదు.

"ఉండండి, ఎదురింటి తెరేసమ్మగారి కత్తెర పట్టుకొస్తాను," అంది.

"త్వరగా," అన్నారాయన. నిజానికి చెప్పాలనుకున్న వాక్యం ఇంకా పొడుగుది. ఊపిరి అంతవరకే వచ్చింది.

తెరేసమ్మ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. నాడి పట్టుకోకుండా ఎవరితోనూ ఎక్కువసేపు మాట్లాడదు. ఆవిడ తలుపు తియ్యగానే ప్రసూనాంబ హడావిడిగా అంది.

"కత్తెర ఉందాండీ? పదునైంది కావాలి. మావారికి బ్లాక్ తీస్తున్నాం."

"బ్లాకా!" తెరేసమ్మ చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది. "ఎన్నున్నాయండీ?"

"నాలుగండీ. ముందొకటి, వెనకొకటి, చేతులకి రెండు."

"చేతులక్కూడానా! ఏ డాక్టరు చెప్పాడండీ ఇది?"

"డాక్టరెందుకండీ, మా చెల్లెలి మనవరాలే ఫోన్లో చెప్పింది. ఏముంది, మెడ దగ్గర్నుంచి కిందదాకా తిన్నగా కోసేస్తే అదే ఊడొచ్చేస్తుందిట."

తెరేసమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో భర్తలకి ఏదైనా అయితే మతి చలించిన ఆడవాళ్ళని ఆవిడ చాలామందిని చూసింది. "మీరు కంగారు పడకండి ప్రసూనగారూ. నేనున్నా కదా," అని ఆమె చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో సిమెంటు కట్లు కోసే పెద్ద కత్తెరా, ఫోనూ అందుకుని గబగబా ఇవతలికి వచ్చింది. సరిగ్గా అప్పుడే బాల్కనీ లోంచి వచ్చిన గాలికి అచ్యుతరామారావు గారి వీధి తలుపు ధడాలున మూసుకుంది. అది మూస్తే దానంతట అదే లాక్ పడే తలుపు. తాళంచెవి లోపల ఉంది.

"ఏమండీ! తలుపు తియ్యండి!" అని ప్రసూనాంబ బాదింది. లోపలి నుంచి సన్నగా, ఈల వేసినట్టు, "ప్రసూనా... ఊపిరి..." అన్న మాట వినిపించింది. తెరేసమ్మ ఇక ఆగలేదు. 108కి ఫోన్ చేసేసింది.

లోపల ఫోను మోగుతోంది. చేసింది జోయెల్, రేపటి సభకి పెద్ద దిక్కు. ఒకప్పుడు వెనక బెంచీలో కూర్చున్నవాడు, ఇప్పుడు చల్లపల్లి చుట్టుపక్కల చేపల చెరువులు చేస్తున్నాడు. అచ్యుతరామారావు గారు పక్కకి తిరిగి, పూలకుండీ దగ్గరికి వంగలేక వంగి, ముక్కుతో ఫోను మీద రుద్దారు. అదృష్టమో దురదృష్టమో, కాల్ కలిసింది.

"నమస్కారం సార్! జోయెల్‌నండి. రేపు పొద్దున్నే కారు పంపిస్తన్నాను..."

"జోయెల్... ఊపిరి... ఆడట్లేదయ్యా..."

"సార్! ఏమైంది సార్?"

"బ్లాక్... మీ మేడం... కత్తెరకి... వెళ్ళింది..."

"బ్లాకా! ఎన్ని సార్?"

ప్రాణం మీదికి వచ్చినా లెక్క అడిగితే తప్పు చెప్పడం ఆయన వల్ల కాదు. "నాలుగు," అన్నారు.

"అయ్యో! గుండె ఎలా ఉంది సార్ మరి?"

చొక్కా గుండీల సంగతి అడుగుతున్నాడనుకున్నారాయన. "ఇంకా... పెట్టలేదు. రేపటికి... పెడుతుంది."

ఇవతల తలుపు మీద దబదబమని దెబ్బలూ, "అంబులెన్సు బయల్దేరింది! మాస్టారూ, పడుకోండి, పడుకోండి!" అన్న తెరేసమ్మ కేకలూ జోయెల్‌కి స్పష్టంగా వినిపించాయి. మాస్టారికి పడుకోవాలనే ఉంది. వంగడమే కుదరలేదు.

తలుపు తెరవడం అచ్యుతరామారావు గారు జీవితంలో చేసిన కఠినమైన లెక్కల్లో ఒకటి. లాకు పిడి భుజం ఎత్తున ఉంది. చెయ్యి చాచి ఉంది గానీ తిరగదు. చెయ్యి తిరగకపోతే మనిషి తిరగాలని ఆయన తేల్చుకున్నారు. తలుపు పక్కన అడ్డంగా నిలబడి, వేళ్ళతో పిడి పట్టుకుని, ఒంటికాలి మీద ఒరిగిపోయే సైకిలులా ఒళ్ళంతా ఒక పక్కకి వంచారు. లాకు టక్కుమంది.

తెరేసమ్మ చూసిన దృశ్యం ఏ వార్డులోనూ చూసింది కాదు. "మరియ తల్లీ!" అని గుమ్మంలోనే ఆగిపోయింది. నాడి చూద్దామంటే మణికట్టు టేపు కింద ఉంది. గుండె మీద చెవి పెడదామన్నా పెట్టే చోటు లేదు. ఆయన ముఖం మాత్రం వంకాయ రంగులోకి తిరిగింది. రోగం ఏమిటన్నది పక్కన పెట్టి ఆవిడ కత్తెర తెరిచింది.

"ఆగండాగండి!" ప్రసూనాంబ అడ్డం వచ్చింది. "నడిమి గీత గియ్యలేదు!"

"మనిషి నల్లబడిపోతన్నాడండీ!"

"వంకరగా కోస్తే చొక్కా మొత్తం వంకరొస్తుందండీ. ఒక్క నిమిషం. ఏమండీ, కదలకండి."

ఆమె స్కెచ్ పెన్నుతో వెన్ను పొడుగునా తిన్నగా గీత గీసింది. చంకల దగ్గర గుర్తులు పెట్టింది. కాలరు దగ్గర ఒక చుక్క పెట్టి, నచ్చక చెరిపి, మళ్ళీ పెట్టింది. ఆ తరువాతే తెరేసమ్మ కత్తెరకి అనుమతి దొరికింది. నడుం నుంచి మెడదాకా టేపు విచ్చుకుంది. అచ్యుతరామారావు గారు వదిలిన ఊపిరికి బల్ల మీద పేపరు ఎగిరి కింద పడింది. పొట్ట తన పూర్వస్థానానికి వచ్చింది.

108 కుర్రాళ్ళిద్దరూ స్ట్రెచరుతో వచ్చేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఆవురావురుమంటూ గాలి తాగుతున్నారు. "పేషెంటెవరండీ? బ్లాకులున్నాయన్నారు," అన్నాడు ఒకడు. తెరేసమ్మ భోజనాల బల్ల మీద తల లేకుండా నిలబడి ఉన్న గోధుమరంగు మొండేన్ని చూపించింది. బీపీ చూసి, బాగానే ఉందని చెప్పి వెళ్ళిన ఆ కుర్రాళ్ళ నవ్వు మెట్లు దిగుతున్నంతసేపూ వినిపిస్తూనే ఉంది.

అంతటితో అయిపోయిందనుకున్నారు. కానీ జోయెల్ అప్పటికే బ్యాచి వాట్సాప్ గ్రూపులో, "మన మాస్టారికి నాలుగు బ్లాకులు. ఊపిరాడట్లేదు. రేపు గుండె పెడుతున్నారు," అని పెట్టాడు. అవనిగడ్డ చేరేసరికి నాలుగు ఆరయ్యాయి. మచిలీపట్నం చేరేసరికి గుండె చెన్నై నుంచి విమానంలో వస్తోంది. సభ రద్దు చేద్దామన్నారు. ఫ్లెక్సీ ఆపమన్నారు. కిరీటి అనే ముందుచూపు గల విద్యార్థి మాత్రం పూలదండ ఆపొద్దని, ఎటుపోయి ఎటొచ్చినా పనికొస్తుందని చెప్పాడు. భోజనాల వేళకి మూడు కార్లలో, ఒక చేపల వ్యానులో బ్యాచిలో సగం సత్యనారాయణపురంలో దిగింది. కొబ్బరిబొండాలు, అరటిగెల, బత్తాయిలు మూడంతస్తులూ ఎక్కి వచ్చాయి.

గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి మాస్టారు అల్లం పచ్చడితో పెసరట్టు తింటూ కనిపించారు.

"సార్..." జోయెల్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఆపరేషన్?"

"అయిపోయింది," అంది తెరేసమ్మ, ఆవిడకీ అప్పటికి సరదా పుట్టింది. "నాలుగూ తీసేశాం. నేనే కోశాను. నుంచోబెట్టే."

వాళ్ళందరి వెనకనుంచి ఒక బొద్దుగా ఉన్నావిడ తోసుకుంటూ వచ్చి, బల్ల మీద ఉన్నదాన్ని చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేడం! ఇది చొక్కా బ్లాక్ కదా! మీరు మళ్ళీ కుడతన్నారా?"

ఆవిడ సింధూరి. అప్పట్లో లెక్కల్లో అనుమానాలు తీర్చుకోవడానికి మాస్టారి ఇంటికి వచ్చే ఆడపిల్లల్లో ఒకతె. అనుమానం తీరాలంటే మాస్టారు మొదటినుంచీ మొదలుపెట్టేవారు కాబట్టి ఆ పిల్లలు పది నిమిషాల్లో వరండాలోకి జారుకునేవారు. వరండాలో మేడం ఉండేది, పరిచిన దినపత్రికలు ఉండేవి. "జాకెట్టు కటింగు ఈవిడ దగ్గరే నేర్చుకున్నా. పేపరు మీద వేలు పెట్టి, ఇక్కడ సందివ్వాలే, మనిషి ఊపిరి పీలుస్తుంది కదా అనేవారు," అంది సింధూరి.

ప్రసూనాంబ ఆ మాట తను అన్నట్టు ఎరగదు. "నిజంగా అన్నానుటే?" అంది సిగ్గుగా.

జరిగిందేమిటో ముక్కముక్కగా తెలిసేసరికి ఇల్లంతా నవ్వులతో దద్దరిల్లింది. తెచ్చిన బొండాలు తెచ్చినవాళ్ళే తాగారు. గోడకి ఆనుకుని కూర్చుని కాలువ గట్టు, హాస్టలు మజ్జిగ, వానాకాలంలో కారే క్లాసురూము అన్నీ తలుచుకున్నారు. మాస్టారి తెల్లచొక్కా అందరికీ గుర్తుంది. ఆయన చెప్పిన లెక్క ఒక్కటి చెప్పమంటే మాత్రం ఎవరికీ రాలేదు. జోయెల్ ఆ టేపు ఆకారం చుట్టూ తిరిగి చూశాడు. "అప్పట్లో సార్ అచ్చం ఇలాగే ఉండేవారు. ఇదే నడుము, ఇవే భుజాలు," అన్నాడు.

వాళ్ళంతా వెళ్ళాక అచ్యుతరామారావు గారు గదిలోంచి ఇవతలికి వచ్చారు. నిజం చెప్పేద్దామనే వచ్చారు. హాలు కిటికీ దగ్గర మధ్యాహ్నపు వెలుగులో ప్రసూనాంబ ఆ ఆకారం ఎదురుగా నిలబడి ఉంది. దాని భుజం మీద లేచిన టేపు అంచుని బొటనవేలితో అదిమింది. అటూ ఇటూ చూసి, రెండు చేతులూ దాని నడుముకి చుట్టి చూసుకుంది. వేళ్ళ కొసలు దాదాపు కలిశాయి.

ఆయన గుమ్మంలో చిన్నగా దగ్గారు.

"ఊపిరి బిగబట్టారు కదూ?" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

ఆయన చెప్పదలచుకున్నది గొంతు దాకా వచ్చింది. ఆమె చేతులు ఇంకా ఆ నడుం మీదే ఉన్నాయి. "ఛ, ఛ. నేనెందుకు బిగబడతాను? నా కొలతే అది," అన్నారు.

"అయితే దీని ప్రకారమే కుట్టమంటారా?"

"నిస్సంశయంగా," అన్నారు అచ్యుతరామారావు గారు.

ఆమె ఆకారాన్ని విడదీసి, కాగితం మీద పరిచి, గీసి, గుడ్డ కోసింది. పాత మిషను చప్పుడు ఆ సాయంత్రం ఇల్లంతా వినిపించింది. ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు. అది కొన్ని చోట్ల ఆగేది, అంటే ఆమె గుడ్డ తిప్పుతోందని అర్థం. ఆగిన ప్రతిసారీ, మళ్ళీ మొదలయ్యేదాకా ఆయన తల తిప్పి చూసేవారు.

ఆదివారం పొద్దున చొక్కా వేసుకున్నారు. అద్భుతంగా కుదిరింది. భుజాలు జారలేదు, కాలరు నిలబడింది, కుట్లు గీత గీసినట్టున్నాయి. ఒక్కటే నియమం. పొట్ట లోపలే ఉండాలి, ఊపిరి పైపైనే తియ్యాలి. జోయెల్ పంపిన కారులో కరకట్ట మీదుగా వెళుతున్నంతసేపూ ఆయన నోరు విప్పలేదు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటితోటలు. "అదుగోనండీ, మనం బస్సు పాడై దిగిన చోటు," "అదుగోనండీ, మనం చెరుకు రసం తాగిన చోటు," అని ప్రసూనాంబే దారంతా చూపిస్తూ వచ్చింది. మామూలుగా అయితే ఆ బస్సు వేగమూ, ఆలస్యమూ ఆయన లెక్కకట్టి చెప్పేవారు. ముందు సీట్లో, విద్యార్థుల పట్టుదల మీద వెంట వచ్చిన తెరేసమ్మ అద్దంలోంచి ఆయన్ని అనుమానంగా చూస్తూనే ఉంది.

సభ నిండుగా ఉంది. నిన్న చనిపోతాడనుకున్న మనిషి కళ్ళెదుట నడిచి వస్తుంటే చప్పట్లు మామూలుగా ఉంటాయా. "సార్ అలాగే ఉన్నారు, చెక్కుచెదరలేదు," అన్నారు నిన్న రానివాళ్ళందరూ. ఆ మాట కోసం ఎంత ఓర్చుకున్నా తక్కువేననిపించింది ఆయనకి. కిరీటి పూలదండ వేశాడు. దాని బరువుకి ఉన్న కాస్త ఊపిరీ అణిగిపోయింది. ఆ తరువాత జోయెల్ మైకు తెచ్చి చేతిలో పెట్టాడు.

అచ్యుతరామారావు గారు వారం రోజులుగా ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. విద్య అంటే ఏమిటో, దానికి లెక్కలు ఎందుకు పునాదో, ఆ పునాది చల్లపల్లిలో ఎలా పడిందో వరసగా చెప్పాలి. నోరు తెరిచారు. వాక్యానికి సరిపడా గాలి లోపల లేదు. తీసుకుంటే చొక్కా ఊరుకోదు. సభ అంతా చెవులు రిక్కించి చూస్తోంది. ఆయన భార్య వైపు చెయ్యి చాచారు.

"అంతా... మా ఆవిడే," అన్నారు.

ఆ మాటకి అర్థం, మిగిలినదంతా మా ఆవిడే చెబుతుందని. కానీ సభ అలా అర్థం చేసుకోలేదు. ముందు వరసలో సింధూరి లేచి నిలబడింది. వెనకాల ఒక్కొక్కరే లేచారు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. ఇంత గొప్ప మాట ఇంత పొదుపుగా చెప్పినవాణ్ణి చూడలేదని జోయెల్ మైకు లేకుండానే అరిచాడు. మాస్టారి కోసం తెచ్చిన శాలువా ప్రసూనాంబ భుజాల మీదికి వెళ్ళింది. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని మనిషి మైకు పట్టుకుని, కిటికీ వెలుగు గురించి, కాలువ గాలి గురించి, గోడ మీద రెపరెపలాడే కాగితపు మొగుడి గురించి చెబుతూ అలా చెబుతూనే ఉండిపోయింది. భోజనాలు చల్లారిపోతున్నాయని ఎవరూ లేవలేదు. అచ్యుతరామారావు గారు పక్క కుర్చీలో కూర్చుని, పూలదండ చాటున మధ్య గుండీలు రెండు మెల్లగా విప్పుకుని, హాయిగా ఊపిరి పీలుస్తూ విన్నారు. ఇవన్నీ ఆమెకి ఇంతగా గుర్తున్నాయని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

తిరుగు ప్రయాణంలో ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ చొక్కా... ఛాతీ దగ్గర కాదనుకో, ఇంకాస్త కింద... ఒకింత వదులు చెయ్యవలసి ఉంటుందేమో."

"అక్కర్లేదండీ," అంది ప్రసూనాంబ, శాలువా మడతపెట్టుకుంటూ. "ఇదే కొలతతో ఇంకో ఆరు కుడతాను."